మగ్గం ఖాళీ లేదు

"నేతగాడున్నాడా?" అని గుమ్మంలో ఎవరైనా అడిగితే చాలు, మా అత్తయ్య మగ్గం మీంచి లేచి టీ పెట్టడానికి వెళ్ళేది. నేను ఈ ఇంటికి వచ్చిన కొత్తలోనే గమనించాను. అప్పటిదాకా పోగు చుట్టిన నాడె అటూ ఇటూ ఆడించిన మనిషి చేతులు తుడుచుకుంటూ వంటింట్లోకి పోయేది. వసారాలో కునుకు తీస్తున్న మామయ్య లేచి, చొక్కా సర్దుకుని, మగ్గం మీద సగం నేసిన దుప్పటి చూపించేవారు. వచ్చినవాళ్ళు అంచు తడిమి "చెయ్యి తిరిగిన నేతగాడివయ్యా" అనేవారు. మామయ్య కాదనేవారు కాదు. సొమ్మొకడిది సోకొకడిది అనే మాట నా నోటిదాకా వచ్చేది. కొత్త కోడల్ని కదా, కప్పులందించి ఊరుకునేదాన్ని.

మామయ్యకు నేత రాదని కాదు. వయసులో ఉండగా బాగానే నేశారట. తర్వాత భుజం నొప్పి వచ్చింది. నొప్పి పోయింది గానీ దాంతో వచ్చిన మధ్యాహ్నపు నిద్ర పోలేదు. పొద్దున కాసేపు కూర్చునేవారు, మిగతాదంతా అత్తయ్యే. మా వీధిలో ఎవరికైనా దారి చెప్పాలంటే "నేతగాడి ఇంటి పక్క సందు" అంటారు. పెళ్ళికి ముందు మా ఆయన నాతో "నాన్న నేతగాడు, అమ్మ ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. అబద్ధమేం కాదు. మగ్గం కూడా ఇంట్లోనే ఉంది మరి. ఆవిడ పని గురించి అడిగితే అందరిదీ ఒకటే మాట, "ఏదో సాయం చేస్తుంటుంది." ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. మా ఆఫీసులో రిపోర్టంతా నేను రాస్తే, దాని కింద సంతకం పెట్టిన మా అధికారి "ఈ అమ్మాయి కూడా కాస్త సాయం చేసింది" అంటాడు.

ఒకసారి ఉండబట్టలేక "నేతగాడంటే ఎవరత్తయ్యా?" అని అడిగాను. ఆవిడ నవ్వి, "నేసేవాళ్ళంతా కాదులే. పోగు తెగితే కన్ను చూడకముందే చెయ్యి అక్కడికి పోవాలి. అలాంటివాళ్ళు" అంది. అంటూనే, తెగిన పోగునొకదాన్ని ముడేసి మళ్ళీ నేతలో పడింది. అది ఎప్పుడు తెగిందో నేను చూడనేలేదు.

మొన్నామధ్య మామయ్యకు కుడిచెయ్యి వణకడం మొదలైంది. అదే సమయానికి, కొత్తగా కడుతున్న హోటల్ వాళ్ళు ముందు హాల్లో అలంకారానికి పాత మగ్గం కావాలని మా ఆయన్ని కలిశారు. "నేతగాడి చెయ్యే పడిపోయాక మగ్గమెందుకురా, ఇచ్చెయ్" అన్నారు మామయ్య. "ఆ మూల ఒక మంచం పడుతుంది" అన్నాడు మా ఆయన. అత్తయ్యను ఎవరూ ఏమీ అడగలేదు. ఆవిడే, అన్నం వడ్డిస్తూ, "దాని మీదున్న గుడ్డ దిగనివ్వండి. మగ్గం ఖాళీ అయ్యాక పట్టుకుపోమనండి" అంది. ఆమాత్రం దానికి అందరూ సరేనన్నారు.

ఆ రోజుల్లో ఆవిడ నేస్తుంటే చూడాలి. తొందర లేదు, ఏడుపు లేదు. కాలు తొక్కడం, చెయ్యి విసరడం, దెబ్బ వెయ్యడం, అన్నీ ఒకే ఊపిరిలో నడిచిపోయేవి. ఆఫీసు నుంచి రాగానే చెప్పులైనా విప్పకుండా గుమ్మంలో నిలబడి చూసేదాన్ని. ఇంత పని తెలిసిన మనిషి ఇంత మౌనంగా ఎలా బతికిందా అని ఆశ్చర్యంగా ఉండేది. ఆవిడంటే అంతకుముందు ప్రేమే, అప్పుడు గౌరవం కలిగింది.

శనివారం గుడ్డ దిగింది. ఆదివారం హోటల్ వాళ్ళు వస్తామన్నారు. పొద్దున్నే నేను లేచి చూసేసరికి అత్తయ్య మగ్గం వెనక నేల మీద కూర్చుని ఉంది. గుడ్డ కోసేటప్పుడు నిలువుగా సాగే పాత పడుగు పోగుల కొసలను మగ్గంలోనే వదిలేస్తారు. కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా ఆ కొసలకు అతుకుతారు. అందుకే నేతవాళ్ళింట్లో మగ్గం ఎప్పుడూ పూర్తిగా ఖాళీ అవదు. ఆవిడ కొత్త పడుగు తెచ్చి అతుకుతోంది. నన్ను చూసి "నీకు చూపు బాగుంటుంది, ఇలా రా" అంది. ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ చూపించినట్టే పోగుకు పోగు కలిపి మెలిపెట్టాను. మొదట్లో నావి ఊడిపోయాయి. ఆవిడ మళ్ళీ నా చేతికే ఇచ్చింది.

"ఇదేంటమ్మా, వాళ్ళు వచ్చేస్తారు" అన్నాడు మా ఆయన, పళ్ళు తోముకుంటూ వచ్చి.

"గుడ్డ దిగింది. అదిగో, మీ నాన్న ఒళ్ళో ఉంది. మగ్గమే ఖాళీ లేదు."

మామయ్య ఒళ్ళో దుప్పటి పరుచుకుని, వణికే వేళ్ళతో ఈ చివరి నుంచి ఆ చివరిదాకా తడుముతున్నారు. వెలుగులోకి ఎత్తి చూశారు. చాలాసేపటికి "నా చెయ్యి ఎక్కడాగిందే ఇందులో?" అని అడిగారు.

"నాకూ గుర్తులేదు. చాలా కాలమైంది కదా" అంది అత్తయ్య, తలెత్తకుండా.

మామయ్య దుప్పటి మడిచి, ఒళ్ళో పెట్టుకుని, దాని మీద చెయ్యి వేసి కూర్చున్నారు. మా ఆయన తేలు కుట్టిన దొంగలా తండ్రి వంకా తల్లి వంకా చూశాడు. అంతలో వీధిలో బండి ఆగింది.

"నేతగాడున్నాడా? మగ్గం తీసుకెళ్ళడానికి వచ్చాం."

అత్తయ్య చేతులు ఆగాయి. పాత అలవాటు, లేవబోయింది. ఆవిడకంటే ముందే మామయ్య గోడ పట్టుకుని లేచారు. మెల్లగా గుమ్మందాకా నడిచారు.

"మగ్గం ఇవ్వటంలేదండీ. నేసే మనిషి పనిలో ఉంది, ఇప్పుడు లేవదు. మీరు కూర్చోండి, టీ పెడతాను."

వంటింట్లో గిన్నెల చప్పుడైంది. కాసేపటికి లోపలినుంచి పిలుపు వినిపించింది. "అమ్మాయ్, చక్కెర డబ్బా ఎక్కడుందే?"

నా చేతిలో పోగులున్నాయి.

"వెతుక్కోండి మామయ్యా" అన్నాను.