బల్ల చీర మీద బూడిద

ఊర్జానగర్‌లో పొద్దుగూకాక దండెం మీద బట్ట ఉంచే ఇల్లాలు ఉండదు. ఉంచితే తెల్లారేసరికి కరెంటు కార్ఖానా బూడిద దాని మీద సన్నగా పేరుకుంటుంది. అలాంటి చోట రజిని, చీకటి పడుతుండగా, తన బల్ల చీరను తెచ్చి పెరట్లో ఆరేసింది. నెలకొక ఆదివారం చర్చిలో రొట్టె విరిచే ప్రభువు బల్లలో పాలుపొందేటప్పుడు తప్ప కట్టని తెల్లచీర అది. మడత నలగనివ్వదు, కూతురు ముట్టుకోబోతే కసురుతుంది. ఆ చీరను చేతులారా తెచ్చి బయట వేసింది! పిచ్చి పట్టలేదు లెండి. పట్టింది భయం.

కూతురు అనూషకు ఆరేళ్లు. పుట్టుకతోనే గుండెలో రంధ్రం. నాలుగడుగులు ఉరికితే చాలు, పెదాలు నీలమై, ఎక్కడున్నది అక్కడే గొంతుక్కూర్చుని ఎగపోస్తుంది. ఆపరేషన్ తప్పదని, ఇంకా ఆలస్యం చేస్తే అదీ చెయ్యలేమని నాగపూర్ డాక్టరు చెప్పాడు. నెలల తరబడి ఎదురుచూడగా ఇప్పటికి పిలుపు వచ్చింది. రేపు పొద్దుటి బస్సుకే బయలుదేరాలి. అయితే ఆ డాక్టరే, గ్యారంటీ మాత్రం ఎవరూ ఇవ్వలేరమ్మా అన్నాడు. రజిని చెవిలో ఆ ఒక్క మాటే నిలిచిపోయింది. నిలవదా మరి? ఆమె తమ్ముడు సచిన్ నవ్వుతూ చెయ్యూపి ఆపరేషన్ గదిలోకి వెళ్లాడు. బయటికి తెచ్చేటప్పుడు ముఖం మీద గుడ్డ కప్పి తెచ్చారు.

భర్త ప్రేమ్ కార్ఖానాలో ఫిట్టరు. రాత్రి డ్యూటీకి పోతూ గడపలో ఆగాడు.

"పోదామనే ఉన్నది నాకు. గని నీకు ధైర్యం లేకుంటే బల్మీటికి తీస్కపోను. ప్రార్థన చెయ్, రజినీ. దేవుడు ఏమంటే అది. పొద్దుగాల నేను రాంగనే చెప్పు."

అతనలా వెళ్లాక ఆమె మోకరించింది. "ప్రభువా" అన్నాక రెండో మాట రాలేదు. అప్పుడే మొన్నటి ఆదివారం అయ్యగారి ప్రసంగం గుర్తొచ్చింది. పూర్వం ఒకాయన కళ్లంలో ఉన్ని పరిచి, మంచు పడితే ఒక జవాబు, పడకపోతే ఒక జవాబు అని దేవుణ్ణి అడిగాడట. రజినికి ప్రాణం లేచొచ్చింది. చీర ఆరేసి, దాని కొంగు పట్టుకుని అడిగింది.

"తెల్లారేదాక ఇది తెల్లగనే ఉంటే బిడ్డను తీస్కపోత, ప్రభువా. బూడిద పడితే పోను."

చీరకు బూడిద పట్టని తెల్లవారుజాము ఆ కాలనీలో ఎవరూ చూడలేదు. ఆ సంగతి రజినికి తెలియదా? భేషుగ్గా తెలుసు. తెలిసీ మనసును అటు పోనివ్వలేదు.

వంటింటి కిటికీలోంచి అత్త రాజక్క చూడనే చూసింది.

"ఏందే, బల్ల చీర బయట ఏసినవ్? బూడిద పడదా?"

"ఉండనియ్యి అత్తమ్మా."

"సరే తియ్. మళ్ల చీర కోసమని చీకట్ల బయటికి పోకు. పులి తిరుగుతుందని మైకుల చెప్పిండ్రు."

తెల్లవారుతుండగా రజిని తలుపు కొంచెం తీసి, ముందు పొదల వైపు చూసి, ఆ తర్వాత దండెం వైపు చూసింది. చీర నిండా బూడిద! తెల్లచీర మసిగుడ్డలా ఉంది. ఒక్కసారిగా ఒళ్లు తేలికైంది.

"స్తోత్రం ప్రభువా, వద్దన్నవ్!" అంటూ లోపలికి ఉరికింది. కాళ్లలో ఎక్కడలేని చురుకు పుట్టింది. నాగపూర్ కోసం సర్దిన బ్యాగు విప్పి అనూష గౌన్లు ఒక్కొక్కటే బయటికి తీయసాగింది. నవ్వుతోంది కూడా.

ఇంతలో పెరట్లోంచి కేక.

"అమ్మా! నీ బల్ల చీర ఖరాబైంది!"

ఆ కాలనీలో పిల్లలకు నడక ఎంతో బట్ట దులపడం అంత. అనూష చీర అంచు రెండు చేతులా పట్టుకుని ఫట్‌మని దులిపింది. బూడిద లేచింది. మళ్లీ దులిపింది. మూడోసారి చెయ్యి లేవలేదు. ఉన్నచోటే గొంతుక్కూర్చుంది.

కేక విని గుమ్మంలోకొచ్చిన రజిని చేతిలో గౌను అక్కడే వదిలేసింది. పులీ లేదు, గిలీ లేదు, పరుగెత్తి ఎత్తుకుంది. పిల్ల పెదాలు నేరేడు పండు రంగులో ఉన్నాయి. అయినా తల్లి ముఖంలోకి చూసి మాట కూడదీసుకుంది.

"జర పోయింది సూడమ్మా... కొంచెమే ఉన్నది... ఆగి దులుపుత."

రెండుసార్లు చీర దులపడానికి లేదు పిల్లకు ఊపిరి. ఈ పిల్లను ఇంట్లో దాచుకోవడానికా తను స్తోత్రం చెప్పింది? రజిని అక్కడే కూలబడి భోరుమంది. రాజక్క పరుగున వస్తే, రాత్రి దేవుడికి పెట్టిన షరతంతా ఏడుస్తూనే చెప్పేసింది.

రాజక్కకు ఒళ్లు మండింది.

"ఈడ బూడిద పడకుంట ఎన్నడన్న ఉన్నదే? నువ్వు దేవుణ్ణి అడిగినవా, దేవుని నోరు మూసినవా?"

"మూసిన అత్తమ్మా. పొమ్మంటడేమోనని భయమైంది. ఇప్పుడు గూడ భయమే అయితుంది."

ఆ మాటకు రాజక్క కోపం చల్లారింది. కోడలి పక్కనే కూర్చుని పిల్ల వీపు నిమిరింది.

"నాకు అయితలేదా? ఏడ్చుకుంటనే పో. నేనీడ ఏడ్చుకుంట ప్రార్థన జేస్త."

ప్రేమ్ వచ్చేసరికి బ్యాగు మళ్లీ సర్ది గడపలో ఉంది. అతను భార్య ముఖం చూసి, అడగలేక అడిగాడు.

"ఏమన్నడు దేవుడు?"

"నేనే చెప్పనియ్యలే. పా, బస్సు పోతది."

అతను పిల్లను భుజానికెత్తుకున్నాడు. రజిని చీర తీసి లోపల వేద్దామని దండెం మీద చెయ్యి వేసింది.

"తియ్యకమ్మా!" అంది అనూష తండ్రి భుజం మీంచి. "సగమే దులిపిన. నేనొచ్చి దులుపుత."

రజిని చెయ్యి అక్కడే ఆగిపోయింది. మెల్లగా చెయ్యి తీసేసుకుని అత్త వైపు తిరిగింది.

"అత్తమ్మా, ఆ చీర ముట్టకు. ఎంత బూడిద పడ్డా సరే. పిల్ల వచ్చి దులుపుతది."