ఇంజను మీది దీపపు సెమ్మె

మా ఆయన పోయే ముందు నాకొక పని అప్పజెప్పాడు. ఆస్పత్రి మంచం మీద పక్కకు తిరిగి, మంచం కమ్మీ పట్టుకొని, "దాదా కాడ ఉండేది మన బండి ఇంజనేనా, కాదా? ఒకసారి పోయి కనుక్కో" అన్నాడు. ఇంకేమైనా చెప్తాడేమోనని కాచుకున్నాను. అంతే.

ఏండ్లు గడిచినా నేను కనుక్కోలేదు. మైదుకూరు నుంచి రాయచోటి అంత దూరమేమీ కాదు. కానీ పోయి చూశాక అది మా ఇంజను కాదని తేలితే? ఆయన ఎటూ లేడు. అప్పుడు దాదా అన్న కూడా లేనట్టే అవుతుంది. తెలియనంత కాలం ఒకరైనా మిగులుతారు కదా అనుకునేదాన్ని.

దాదా ఖలందర్, మా ఆయన ఓబుళేసు ఇద్దరూ వయసులో ఉన్నప్పుడు కలిసి ఒక ట్రక్కు కొన్నారు. మిలిటరీ వాళ్లు వాడి వేలం వేసిన పాత విల్లీస్ బండి. నాలుగు చక్రాలూ లాగుతాయి. మామూలు లారీలు దిగలేని నాపరాళ్ల గనుల్లోకి దిగి, నిండా రాళ్లతో పైకొచ్చేది. ఒకరు నడిపితే ఒకరు పక్కన కూర్చునేవారు. కొన్నాళ్లకు అది పెట్రోలు తెగ తాగుతోందని మా ఆయన డీజిల్ ఇంజను బిగిద్దామన్నాడు. అప్పట్లో అందరూ అదే చేస్తున్నారు. దాదా అన్న ఒప్పుకోలేదు. "ఆ ఇంజను తీసేస్తే మిగిలేది బండి కాదప్పా, రేకుల డబ్బా" అన్నాడు.

మాటకు మాట పెరిగి పొత్తు విడిపోయింది. అన్నదమ్ములు ఇల్లు పంచుకున్నట్టు ఒకే బండిని పంచుకున్నారు. బండి మాకు, పాత ఇంజను వాళ్లకు. దాన్నీ ఇంటి సామాన్లనూ లారీకి ఎక్కించుకొని వాళ్లు సొంత ఊరు రాయచోటికి వెళ్లిపోయారు. దాదా అన్న భార్య లాల్ బీ లారీ వెనక మూటల మధ్య కూర్చుంది. నాకు చెయ్యి ఊపలేదు. కొంగు నోట్లో కుక్కుకొని ఉంది.

ఆ తర్వాత ఎవరో వచ్చి మా ఆయన చెవిలో వేశారు. దాదా బావి మీద పెట్టుకున్న ఇంజను ఎర్రగా ఉందట, దాని గొట్టాలూ అవీ వేరేగా ఉన్నాయట, అసలుది ఎప్పుడో పాత ఇనుముకు వేసేశాడట. మా ఆయన నమ్మాడని చెప్పలేను, నమ్మలేదనీ చెప్పలేను. అన్నం ముందు కూర్చొని, ముద్ద కలపడం ఆపి, అట్లాగే ఉండిపోయేవాడు.

ఈ ఎండాకాలం లాల్ బీ ఫోన్ చేసింది. "వదినా, మీ అన్నకు కండ్లు బాగా తగ్గిపోయినాయి. షమీమ్ మమ్మల్ని కర్నూలుకు రమ్మంటాంది. ఇల్లు ఖాళీ చేస్తాండాము. మీ వస్తువు ఈడుండాది, తీస్కపోండి." షమీమ్ వాళ్ల కూతురు. కొడుకు ముస్తాక్‌కు కడపలో పాత జీపుల షెడ్డు ఉంది. రెండు రోజులకే అతను మా ఇంటికి వచ్చాడు. పెరట్లో రేకుల కింద నిలబడిపోయిన మా ట్రక్కు చుట్టూ తిరిగి, పచ్చటి తలుపు మీద అరచెయ్యి వేసి నిమిరాడు.

"అత్తా, దీంట్లో ఏవి అసలువో, ఏవి మార్చినారో మొదట చూస్తా. తర్వాత ఇంజను సంగతి."

"చూడప్పా. కిందికి దూరేటప్పుడు జాగ్రత్త. తేళ్లుంటాయి."

"తేలు కుడితే నువ్వు మంత్రం ఎయ్యవా?"

"కేకలైతే ఎయ్యగలను. మంత్రం రాదు."

అతను నవ్వి బండి కిందికి దూరాడు. గేరుబాక్సు మీద మట్టి గీకి అక్షరాలు చూశాడు. దాని వెనక, ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బలాన్ని పంచే పెట్టె ఒకటుంది, దాన్ని తట్టి చూశాడు. తర్వాత వెనక చక్రం జాకీ మీద లేపి, మధ్యలో తిరిగే షాఫ్టు మీద సుద్దముక్కతో గీత గీశాడు. "అత్తా, నేను చక్రం తిప్పుతా. ఆ గీత ఎన్నిసార్లు పైకొస్తాదో చూడు" అన్నాడు. నేను పీట వేసుకొని కూర్చొని చూశాను. ముందు చక్రానికీ అట్లాగే చేశాడు. రెండింటికీ ఒకే లెక్క వచ్చింది.

"ఇంజను మార్చినారు గానీ కింద ఏదీ మార్చలేదు. ముందుది, వెనకది ఒకే జోడు. ఒకటి మార్చి ఉంటే నాలుగు చక్రాలూ లాగేటట్టు గేరు ఏసినప్పుడల్లా ఒకదాన్నొకటి ఈడ్చుకొని ఎప్పుడో పగిలిపోయేటివి."

అంటే ఆ బండిలో విడిపోయింది ఒక్కటే.

"మరి మీ ఇంట్లో ఉండేది దీని ఇంజనేనని ఎట్ల తెలుస్తాది?" అని అడిగాను.

"నంబరు ఉంటాది అత్తా, ఇంజను మీద అచ్చు కొట్టుంటారు. కానీ దేనితో పోల్చాల? డీజిల్ బిగించినప్పుడే ఆర్.సి.లో కొత్త నంబరు ఎక్కించినారు. పాతది యాడా లేదు."

"నాకాడ ఉండాది" అన్నాను.

అతను లోపలి నుంచి కాగితం తెస్తానేమోనని చూశాడు. నేను కదల్లేదు.

పెళ్లయిన కొత్తలో ఆయన గనికి పోతే చీకటి పడేదాకా నాకు అన్నం దిగేది కాదు. లోయలో బండి పడిపోతే, కాలిపోతే, ఏది ఎవరిదో ఎట్లా తెలుస్తుంది అని ఏడ్చేదాన్ని. "అంతా కాలిపోయినా ఇంజను మీద నంబరు పోదులే, దాన్ని చూసి నన్ను గుర్తుపడుదువు" అని ఆయన ఎగతాళి చేశాడు. ఆయనకు అది నవ్వులాట. నాకు మాత్రం అదొక ఆధారం. ఆయుధ పూజకు బానెట్టు ఎత్తినప్పుడు నేనూ లాల్ బీ ఒక పక్క నిలబడేవాళ్లం, మగవాళ్లిద్దరూ టెంకాయ పట్టుకొని ఎదుటి పక్క. నీళ్ల పంపు దగ్గర ఇంజను మీద చదునుగా చిన్న చోటు ఉంది. అక్కడే నంబరు. నేను అగ్గిపుల్లతో పసుపు ముద్ద తీసి, ఒక్కొక్క గుర్తులో నింపి, వాటి రూపం కంటితో పట్టుకున్నాను. అప్పటికి నాకు చదువు రాదు. ఆ గుర్తులే నా మొదటి అక్షరాలు. తర్వాత బస్సుల బోర్డుల మీద, సరుకులు కట్టిచ్చిన పేపర్ల మీద వాటినే వెతుక్కుంటూ అంకెలు నేర్చాను, తెలుగు నేర్చాను. ఆ నంబరు మాత్రం ఆయన బయలుదేరిన ప్రతిసారీ గడపలో నిలబడి లోపల్లోపల చదివేదాన్ని.

"నాకు ఇప్పుడే చెప్పొద్దు. మా నాయన ముందర చెప్పు" అన్నాడు ముస్తాక్.

రాయచోటిలో లాల్ బీ గేటు దగ్గరే నన్ను పట్టుకుంది. పట్టుకొని వదల్లేదు. "ఎంత చిక్కిపోయినావు వదినా, ఎండబెట్టిన మిరపకాయ మాదిరి" అంది. నువ్వు మాత్రం లడ్డూ మాదిరి ఉండావులే అన్నాను. ఇద్దరం నవ్వుతూనే కండ్లు తుడుచుకున్నాం.

దాదా అన్న షెడ్డు ముందు నులకమంచం మీద కూర్చున్నాడు. మా అడుగుల చప్పుడు వైపు ముఖం తిప్పాడు. "వచ్చినావా రామసుబ్బమ్మా. ఓబుళేసు పంపితే వచ్చినావా, నీ అంతట నువ్వే వచ్చినావా?"

"ఆయన పంపితేనే అన్నా."

"శానా ఆలస్యంగా పంపినాడు." కొడుకు వైపు తిరిగి, "ముస్తాకూ, పెయింటు గీకొద్దు. మొదట నీ అత్త నంబరు చెప్పల్ల. చూసినాంక చెప్తే నాకొద్దు. జాలిపడి అవునంటాది. ఆ మనిషి సంగతి నాకు తెల్దా?" అన్నాడు.

నిజంగానే నేను ఆ ఆలోచనతోనే వచ్చాను. ఏ అంకెలు కనిపిస్తే అవే అవునని చెప్పేద్దామనుకున్నాను. దాదా అన్న దాన్ని కూడా లాగేసుకున్నాడు.

ఇంజను షెడ్డులో ఒక మూల గోడకు ఆనించి, సిమెంటు దిమ్మె మీద ఉంది. నిండా ఎర్ర రంగు. గోడ వైపు మనిషి పట్టడమే కష్టం. అందరం ఇవతలే నిలబడ్డాం.

"తొమ్మిది, సున్నా, ఆరు, ఎనిమిది, ఒకటి" అన్నాను. "చివర ఒక ఇంగ్లీషు అక్షరం."

"ఏం అక్షరం?"

"నాకు ఇంగ్లీషు రాదప్పా. దీపపు సెమ్మె మాదిరి ఉంటాది. కింద వెడల్పు పీట, పైన కాడ."

ముస్తాక్ నొసలు ముడిచాడు. "అట్లాంటి అక్షరం లేదే అత్తా. అయినా అక్షరం ముందుండల్ల, చివర ఉండదు." థిన్నరు పోసి, గుడ్డతో రుద్ది, చిన్న చాకుతో గీకడం మొదలుపెట్టాడు. ఎర్ర రంగు పొట్టులా లేచింది. దాని కింద పచ్చరంగు. దాని కింద ఇనుము. అతను వంగి చదివి, మళ్లీ చదివి, వాళ్ల నాయన వైపు చూశాడు.

"చెప్పురా."

"టీ. ఒకటి, ఎనిమిది, తొమ్మిది, సున్నా, ఆరు."

లాల్ బీ నా చెయ్యి వదిలేసింది. వదిలేసిన సంగతి ఆమెకే తెలిసినట్టు లేదు.

"నేనే తప్పు చెప్తాండానేమో అన్నా. ముసలితనం" అన్నాను.

"నువ్వు మరిచే మనిషివి కాదు." అన్నాడు దాదా అన్న. "నేనైతే దాన్ని మార్చలేదు. ట్రాక్టరుకు కొన్న ఎర్ర రంగు మిగిలితే పూసినా. కార్బొరేటరు పోతే వేరేది పెట్టినా. సైలెన్సరు పగిలితే వేరేది పెట్టినా. ఇంజను దిమ్మె మటుకు అదే. బావి ఎండిపోయినాంక కూడా వారానికొకసారి చేత్తో తిప్పినా, పట్టేసుకోకుండా. ఇంకేం చెప్పల్ల నేను?"

నేను ఆ నంబరు వైపు చూశాను. ఆ ఇంగ్లీషు అక్షరం ఎట్లా ఉంటుందో చూద్దామనిపించింది. పైన అడ్డంగా ఒక గీత, దాని నుంచి కిందికి ఒక కాడ. ఎవరో కాలు తగిలి తిరగబడేసిన దీపపు సెమ్మె.

తిరగబడిన సెమ్మె.

"లాల్ బీ, పూజ పొద్దు మనం యాడ నిలబడేవాళ్లం?"

"మనమా? ఎడం చక్రం కాడ. మగోళ్లు ఆ పక్క, మనం ఈ పక్క."

ఇంజను ఎడం పక్క ఇప్పుడు గోడ వైపుంది. నేను చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకొని గోడకూ ఇంజనుకూ మధ్యలోకి దూరాను. ముస్తాక్ "అత్తా, ఇరుక్కుంటావు, బయటికి తియ్యాలంటే గోడ పగలగొట్టాల్సి వస్తాది" అని అరుస్తున్నాడు. "ఎండిన మిరపకాయ యాడైనా పడతాదిలే" అన్నాను. మోచెయ్యి గీరుకుంది. వీపు సున్నానికి రాసుకుంది. ఎట్లాగో పంపు దాకా జరిగి, తల వంచి చూశాను.

తొమ్మిది. సున్నా. ఆరు. ఎనిమిది. ఒకటి. చివర, పీట మీద నిటారుగా నిలబడి, నా దీపపు సెమ్మె.

గడపలో నిలబడి ఇన్నేండ్లు చదివింది తలకిందుల నంబరు. అవతల టెంకాయ పట్టుకొని నిలబడిన ఇద్దరికీ అది ఇంకొక నంబరు. ఏ పక్క నుంచి చదవాలో నాకెవరూ చెప్పలేదు, నేను అడగనూ లేదు.

"ఇదే అన్నా" అన్నాను. "ఇదే. ఈ పక్క నుంచి చూడండి."

ముస్తాక్ ఫోనుతో ఫొటో తీసి, ఫోను తిప్పి చూశాడు. మళ్లీ తిప్పాడు. పకపకా నవ్వుతూ వాళ్ల నాయన భుజం పట్టుకొని ఊపేశాడు. అర్థమయ్యేలా రెండుసార్లు చెప్పాడు. దాదా అన్న ముందు నమ్మలేదు. లేచి, తడుముకుంటూ వచ్చి, ఆ చదును మీద వేలు పెట్టి, ఒక్కొక్క గుర్తునూ రాసి చూసుకున్నాడు.

"ఎర్ర రంగు పూస్తే మనిషి మారిపోతాడా? ఓబుళేసు కొత్త చొక్కా ఏసుకుంటే నువ్వు గుర్తుపట్టకుండా పోయినావా?" అన్నాడు. తిట్టినట్టే అన్నాడు గానీ, ఆ చదును మీది వేలు తియ్యలేదు.

"ఆయనే గుర్తుపట్టలేదు అన్నా. ఒకసారి వచ్చి చూసి ఉంటే సరిపోయేది."

"నేను పిలిచి ఉన్నా సరిపోయేది." నా వైపు చెయ్యి చాపాడు. "బయటికి రామ్మా ముందు."

సున్నా గుంతలో, గీకిన రంగు కింద, కొంచెం పసుపు కనిపించింది. పసుపా, పాత రంగా అని ముస్తాక్‌ను అడిగాను. "పాత ప్రైమరు అయ్యుంటాది అత్తా" అన్నాడు. సరే అన్నాను.

ఇంజనును ఎక్కించుకుపోవడానికి టెంపో వచ్చే లోపల లాల్ బీ ఇంట్లో నుంచి ఒక గిన్నె తెచ్చింది. సగం సామాన్లు మూటలు కట్టేసిన ఇంట్లో వెతికి వెతికి పసుపు తెచ్చింది. నీళ్లు పోసి తడిపింది. అగ్గిపుల్ల కూడా తెచ్చింది.

నేను అలవాటుగా మళ్లీ గోడ వైపు అడుగు వేశాను. దాదా అన్న చేతికర్ర అడ్డం పెట్టాడు.

"ఆ పక్క చాలు. ఈసారి మా పక్క నుంచి పెట్టు. నేను చెప్తా, నువ్వు నింపు."

ఆయన నా పక్కన నిలబడి, కనిపించని కండ్లతో, వేలి కొన నంబరు మీద పెట్టి ఒక్కొక్కటే చెప్పాడు. నేను ఒక్కొక్కటే నింపాను. టీ. ఒకటి. ఎనిమిది. తొమ్మిది. ఆయన చెప్పినవి వింటూనే, లోపల ఇంకొకరికి వినపడేలా మళ్లీ చదివాను. సున్నా. ఆరు. ఇది మనదే. కనుక్కున్నాను.