తొమ్మిది తలుపుల సీను

మా తమ్ముణ్ణి పోలీసులు చంపిన వీధికి ఆ రోజు పొద్దున్నే పెళ్ళికళ వచ్చేసింది. ఎక్కువ చేసి చెప్పడం లేదు. మూలింటి బామ్మ జుట్టుకు రంగు వేసుకుంది. సెలూన్ బాబాయి వీధిలో మగవాళ్ళందరికీ ఊరికే గడ్డాలు గీశాడు, వద్దు మొర్రో అన్నవాళ్ళకి కూడా. లాండ్రీ మామయ్య తన చొక్కాని నాలుగుసార్లు ఇస్త్రీ చేసుకుని, నలుగుతుందని కూర్చోకుండా నిలబడే ఉన్నాడు. సినిమాలో ఆయన కనిపించేది రెండు క్షణాలు. తలుపు వేసుకోవాలి, అంతే.

సినిమా తీస్తున్నది మా తమ్ముడి స్నేహితుడు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే పరీక్ష తప్పారు. ఇన్నాళ్ళూ పెళ్ళి వీడియోలు తీసి బతికాడు, ఇదే మొదటి సినిమా. అలవాటు ఎక్కడికి పోతుంది? కిటికీ వెనక భయంతో బిక్కచచ్చిపోవాల్సిన మనిషి మీద కెమెరా పెట్టి, "ఆ, కాస్త నవ్వండి" అంటాడు. వాళ్ళు ఇకిలిస్తారు. మళ్ళీ మొదటికి.

బట్టల సంగతంతా నాదే, నాకు కుట్టుపని షాపుంది. తమ్ముడి వేషానికి ఎర్ర చొక్కాలు మూడు కుట్టాను, పోలీసులకి యూనిఫారాలు రెండు. పోలీసు బట్టలు కుట్టేటప్పుడు ఒళ్ళు మండి చంకల దగ్గర బిగించేశాను, రోజంతా గీరుకుంటూ చావాలని. నా కసి పాపం బస్సు కండక్టరు మీద తీరింది. పెద్ద పోలీసు వేషం ఆయనదే. ఆ బట్టల్లోనే బస్సెక్కి వచ్చాడు.

"అమ్మాయ్, ఇరవయ్యేళ్ళ సర్వీసులో మొదటిసారి నాకు సీటు ఖాళీ చేశారు. పక్కన ఒక్కడు కూర్చుంటే ఒట్టు!" అని చేతులెత్తి చెప్పబోయి, చంకలు పట్టేసి మధ్యలో ఆగిపోయాడు.

రెండో పోలీసు ఆయన బావమరిది. చెక్క తుపాకీ దొరికేసరికి కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది, కనిపించిన పిట్టనల్లా కాలుస్తున్నాడు. తమ్ముడి వేషం రొట్టెల ఫ్యాక్టరీలో పనిచేసే పొడుగోడిది. ముఖంలో పోలిక ఆవగింజంత లేదు కానీ పరుగు మాత్రం అచ్చం వాడిదే. మోకాళ్ళు బయటికి, మోచేతులు ఎటో.

నాలుగేళ్ళ కిందట, మధ్యాహ్నం రెండింటికి, పోలీసులు ఎర్రచొక్కా వాడెవడి కోసమో వెతుకుతున్నారు. మా వాడు ఎర్రచొక్కాలో ఇంటికొస్తున్నాడు. అరిచారు, పరిగెత్తాడు. ఈ వీధిలో తొమ్మిది ఇళ్ళు. తొమ్మిది తలుపులూ కొట్టాడు. ఒక్కటీ తెరుచుకోలేదు. తొమ్మిదో తలుపు దాటాక వెనక నుంచి కాల్చారు. మలుపు తిరిగితే మా ఇల్లే. గంటసేపు రోడ్డు మీద ఒక్కడే పడి ఉన్నాడు.

కత్తి పట్టుకుని ఎదురు తిరిగాడని పోలీసులు కాగితం మీద రాశారు. తొమ్మిది ఇళ్ళవాళ్ళూ ఒకటే మాట రాసిచ్చారు, "మేమేమీ చూడలేదు." మూడేళ్ళ తర్వాత లాండ్రీ మామయ్య ఈ పెళ్ళివీడియోల వాడి దగ్గర గుసగుసగా నోరు విప్పాడు. తర్వాత ఒక్కొక్కరే విప్పారు. సంతకం మాత్రం ఎవరూ పెట్టలేదు. సినిమాలో చేస్తామన్నారు, నటనే కదా అన్నారు. నాకు కావలసింది ఆ ఒక్క సీనే. వట్టి చేతులతో, వెనక నుంచి, అందరి తలుపుల ముందూ. అది ఎక్కడో ఒకచోట జరిగింది జరిగినట్టుగా ఉండాలి. షూటింగుకి వీధి మాకిచ్చింది సాయంత్రం నాలుగింటిదాకా. ఆ అనుమతి రావడానికే ఏడాది పట్టింది, ఇంకోసారి రాదు.

అమ్మ కూడా వచ్చింది. నాలుగేళ్ళుగా ఈ వీధిలో అడుగు పెట్టలేదు, కూరగాయలకి కూడా చుట్టూ తిరిగి వెళ్ళేది. డైరెక్టరు తన కుర్చీ ఆమెకిచ్చి కెమెరా పక్కన కూర్చోబెట్టాడు.

"అమ్మా, చూడలేకపోతే చెప్పండి, ఆపేస్తాను."

"నువ్వు తియ్యి నాన్నా. నువ్వు పెళ్ళికూతుళ్ళనే ఏడవకుండా ఆపలేవు, నన్నేం ఆపుతావు."

అయిదుసార్లు రిహార్సల్ చేశాం. తలుపులు టపటపా బ్రహ్మాండంగా పడ్డాయి. తుపాకీ శబ్దం డైరెక్టరు తర్వాత కలుపుతాడట, అందాకా నోటితోనే "ఢాం" అన్నాడు. పొడుగోడు చక్కగా పడ్డాడు. సరే, అసలుది తీద్దామన్నాడు.

యాక్షన్ అన్నాడు. పొడుగోడు పరిగెత్తుకొచ్చి మొదటి తలుపు, లాండ్రీ మామయ్యది, దబదబా కొట్టాడు. తలుపు తెరుచుకుంది. లోపల్నుంచి ఒక చెయ్యి వచ్చి, వాణ్ణి చొక్కా పట్టి లోపలికి గుంజి, తలుపేసి గడియపెట్టింది.

పోలీసులిద్దరూ వచ్చి వీధి మధ్యలో ఆగారు. కండక్టరు అటూ ఇటూ చూశాడు. "డైరెక్టరుగారూ, ఇప్పుడెవర్ని కాల్చాలి?"

"కట్! మామయ్యా, తలుపు వేసుకోవాలని చెప్పాను కదా!"

"వేశాను కదయ్యా."

"వాడు బయట ఉండగా వెయ్యాలి!"

"ఓ," అన్నాడు మామయ్య, అదేదో కొత్త సంగతైనట్టు.

రెండోసారి ఆయన వేశాడు. రెండో ఇల్లు టీచరమ్మది, ఆమె కూడా కళ్ళు మూసుకుని వేసింది. మూడోది సెలూను. పొడుగోడు లోపలికెళ్ళాడు, బయటికి రాలేదు. పోలీసులు వెళ్ళి చూస్తే, కుర్చీలో ఎవరో మెడదాకా గుడ్డ కప్పుకుని, ముఖమంతా నురగతో పడుకుని ఉన్నారు. కిందనుంచి రెండు పొడుగాటి కాళ్ళు.

"కూర్చోండి సార్, మీ ముందు ఒకరున్నారు," అన్నాడు బాబాయి, కత్తి నూరుతూ.

కండక్టరు నిజంగానే కూర్చున్నాడు. పేపరు కూడా తీశాడు.

నవ్వి నవ్వి నాకు డొక్కలు నొప్పెట్టాయి. డైరెక్టరు జుట్టు పీక్కున్నాడు. మూడోసారి అందరిచేతా ఒట్టు వేయించుకున్నాడు. మూడోసారి తలుపులు వరసగా పడుతూ వచ్చాయి, ఒకటి, రెండు, ఆరు, ఏడు. ఎనిమిదోది మూలింటి బామ్మది. బామ్మ తలుపు తెరిచి, పొడుగోణ్ణి తన వెనక్కి నెట్టి, చీపురు తిరగేసి కండక్టరు నెత్తిన ఒక్కటిచ్చింది. టోపీ ఎగిరి కాలవలో పడింది.

"బామ్మా, బామ్మా! నేను! మీ బస్సు కండక్టర్ని!"

"తెలుసులేరా," అని ఇంకొకటి వేసింది.

బావమరిది తుపాకీ కింద పడేసి పారిపోయాడు. వీధి వీధంతా చప్పట్లు, ఈలలు. అమ్మ కుర్చీలో ముందుకీ వెనక్కీ ఊగుతూ నవ్వింది. నాలుగేళ్ళ తర్వాత ఆ నవ్వు విన్నాను. పొడుగోడు బామ్మ భుజం మీంచి తల బయటపెట్టి "బతికిపోయానోచ్!" అని అరిచాడు. నాకూ వాడు బతికిపోయినట్టే అనిపించింది. మలుపు తిరిగి ఇంటికొచ్చి, ఆకలేస్తోందని గొడవ చేస్తాడనిపించింది.

అప్పుడు టైము చూశాను. మూడుంబావు.

నాకు ఒళ్ళు తెలియలేదు. వీధి మధ్యలోకెళ్ళి నిలబడి అరిచాను. "చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారేం? ఈ తలుపులన్నీ ఆ రోజేమయ్యాయి? ఆ రోజు ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి తెరిస్తే మాకీ సినిమా ఎందుకు?"

చప్పట్లు ఆగిపోయాయి. ఈ మాట నాలుగేళ్ళలో ఎవరి ముఖం మీదా అనలేదు. బట్టలు కుట్టిచ్చాను, కొలతలు తీసుకున్నాను, బాగున్నారా అని అడిగాను. ఒక్క మాట అనలేదు.

లాండ్రీ మామయ్య గడప దిగి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా అప్పటికే చెమటకి ముద్దయిపోయింది.

"ఆ రోజు వేశానమ్మా," అన్నాడు. "వాడు మామయ్యా, మామయ్యా అని పిలిచాడు. తలుపుకి లోపల్నుంచి నా వీపు ఆనించి నిలబడ్డాను. నటనే కదా అనుకున్నాను, రిహార్సల్లో చెయ్యగలిగాను కూడా. కానీ వాడు నిజంగా కొడుతుంటే... ఇంకోసారి నాచేత వేయించకు తల్లీ."

బామ్మ చీపురు పట్టుకునే ఏడుస్తోంది. డైరెక్టరు నా వంక చూశాడు, ఆపేద్దామా అన్నట్టు.

అమ్మ లేచింది. నేరుగా లాండ్రీ మామయ్య ఇంటికి నడిచింది.

"అన్నయ్యా, పక్కకి జరుగు. నేను వేస్తాను."

"నువ్వా? నీకెందుకమ్మా..."

"నా కొడుకు కత్తి తియ్యలేదు. అది అందరూ చూడాలంటే మీ తలుపులు మూసుకోవాలి. మీరు మంచివాళ్ళలా కనిపిస్తే వాడు అబద్ధమైపోతాడు." వీధి వైపు తిరిగింది. "ఒక్కసారి వెయ్యండి. మిమ్మల్ని తిట్టడానికి కాదు. నేనూ లోపల మీతోనే ఉంటాను."

ఒక్కొక్కరే ఇళ్ళల్లోకి వెళ్ళారు. కండక్టరు కాలవలోంచి టోపీ తీసి, పిండి, తలమీద పెట్టుకున్నాడు.

నాలుగోసారి. డైరెక్టరు యాక్షన్ అనలేదు, చెయ్యి ఊపాడు. పొడుగోడు పరిగెత్తాడు. మొదటి తలుపు దగ్గర "మామయ్యా, మామయ్యా" అన్నాడు. వాడికా మాట ఎవరూ నేర్పలేదు, ఇందాక విన్నాడు. తలుపు వెనక మా అమ్మ ఉంది. తలుపు తెరుచుకోలేదు. టీచరమ్మది పడింది. సెలూను షట్టరు పడింది. అయిదు, ఆరు, ఏడు. బామ్మది అందరికన్నా నెమ్మదిగా పడింది. తొమ్మిదోది కూడా పడింది. కండక్టరు తన చెక్క తుపాకీ ఎత్తాడు. చంకలు పట్టేసినా ఎత్తాడు. డైరెక్టరు "ఢాం" అన్నాడు, మెల్లిగా, ఎవరికో చెవిలో చెప్పినట్టు. పొడుగోడు వట్టి చేతులతో బోర్లా పడ్డాడు.

జరిగినట్టు జరిగింది. నాకు కావలసింది దొరికింది. డైరెక్టరు కట్ చెప్పడానికి నోరు తెరిచాడు.

మొదటి తలుపు తెరుచుకుంది. అమ్మ బయటికొచ్చింది, వెనకాలే మామయ్య. తర్వాత సెలూను షట్టరు లేచింది. తర్వాత బామ్మ, టీచరమ్మ, అందరూ. మేం రాసుకున్న సీను కాగితంలో ఇది లేదు. ఆ రోజు ఇది జరగలేదు. నేను గబుక్కున డైరెక్టరు నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. వాడు నా వేళ్ళ మధ్యనుంచి ఊపిరి తీసుకుంటూ కెమెరాని అలాగే పట్టుకున్నాడు.

అమ్మ రోడ్డు మీద కూర్చుని పొడుగోణ్ణి తిప్పి, తల ఒళ్ళో పెట్టుకుంది. జుట్టులో మట్టి దులిపింది. వాడు బుద్ధిమంతుడు, కట్ వినిపించేదాకా కళ్ళు తెరవకూడదని చెప్పాం. కళ్ళు మూసుకునే పెదాలు కదిపాడు.

"అమ్మా, కట్ చెప్పారా?"

"లేదు నాన్నా," అంది అమ్మ. "ఇంకాసేపు పడుకో."