మూడో పేరు

షాద్‌నగర్ పల్లినూనె మిల్లు వెనక ఒంటి అర్ర కిరాయికి తీసుకుని కొడుకూ కోడలూ ఇద్దరూ మిల్లు పనిలో చేరారు. పిల్లల్ని చూసుకోవడానికి హనుమమ్మ గొర్రెల మందను మరిదికి అప్పజెప్పి వచ్చింది. ఆ మిల్లులో నూనె పిండగా మిగిలిన పల్లిచెక్క ఓడలెక్కి విలాయతుకు పోతుందట. పోనీ! ఆమె ఆశంతా కోడలి కడుపు మీద ఉంది.

మనవరాలికి హనుమమ్మ అత్త పేరు పెట్టారు, మనవడికి మామ పేరు. ఇంటి ఆచారం, కాదనడానికి లేదు. కానీ అత్తమామల పేర్లు కోడలిగా తన నోట రాకూడదాయె. ఆరేళ్ళ మనవరాలిని ‘ముసల్దానా’ అనీ, మూడేళ్ళవాణ్ణి ‘చిన్నోడా’ అనీ పిలుస్తూ నెట్టుకొస్తోంది. ముద్దొచ్చినా అంతే, కోపమొచ్చినా అంతే. మందలో గొర్రె గొర్రెనూ పేరు పెట్టి పిలిచిన మనిషికి సొంత రక్తాన్ని పిలుచుకునే భాగ్యం లేకపోయింది.

మూడో బిడ్డకు పెట్టే పేరు మాత్రం తన వంతు. తన తల్లి పేరు, బిక్షమ్మ. గత్తర రోగమొచ్చి ఆమె పోయేనాటికి హనుమమ్మకు అయిదేళ్ళు. ఫొటో లేదు, ముఖం గుర్తు లేదు, పేరొక్కటే మిగిలింది. ఇంకో ఆడపిల్ల పుడితే ఆ పేరు పెట్టుకుని, రోజుకు వందసార్లు నోరారా పిలుచుకోవాలి. అంతకు మించి దేవుణ్ణి ఏమీ అడగలేదు.

బళ్ళు తెరిచే ముందు వారం, అన్నం పెడుతూ కొడుకును కదిలించింది.

“యాదగిరీ, పిల్లగానికి మూడేండ్లొచ్చె. ఇంకొకర్ని కనరాదురా?”

అతను తలెత్తలేదు. “ఇంక పుట్టరమ్మా. పోయిన నెల దవాఖానల ఆపరేషన్ చేయించుకున్న.”

“నన్నొక్క మాట అడగకపోతివి.”

“అడిగితే వద్దంటవు. గీ అర్రల అయిదుగురం పంటెనే కాళ్ళు సాపరాదు. ఇద్దరినన్న మంచిగ సదివిస్త.”

కోడలు యాదలక్ష్మి నీళ్ళ చెంబు పెడుతూ, “నాకు గూడ సాలయింది అత్తమ్మా. కడుపుతోటి ఉంటె మిల్లుకు ఎవ్వలు రానిస్తరు?” అంది.

వాళ్ళ మాటల్లో తప్పు కోసం హనుమమ్మ వెతికింది, దొరకలేదు. తిట్టడానికి ఒకరుంటే సగం బాధ తీరేది. అమ్మ రెండోసారి పోయినట్టనిపించి, చెయ్యి కడుక్కునే వంకతో బయటికి వెళ్ళి ఏడ్చింది.

బడి తెరిచిన రోజు ఇద్దరూ పొద్దున్నే మిల్లుకు పోయారు. మనవరాలిని బడిలో వేసే పని హనుమమ్మ మీద పడింది. చిన్నోణ్ణి చంకనేసుకుని, పిల్లను నడిపించుకుని వెళ్ళింది. జానయ్య సారు రిజిస్టరు తెరిచాడు.

“పిల్ల పేరు?”

హనుమమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “మా అత్త పేరే సారూ.”

“మీ అత్త పేరు నాకెట్ల తెలుస్తదమ్మా? జర చెప్పు, ఎనక మస్తుమంది ఉన్నరు.”

నువ్వే చెప్పమని పిల్లను మోచేత్తో పొడిచింది. అది కొత్త జాగాకు బెదిరి అవ్వ చీరలో తల దాచుకుంది. సారు మళ్ళీ గద్దించాడు. చెప్పాల్సిన పేరు నోరు దాటి రాదు, రాకూడదు. ఆ కంగారులో ఇన్నేళ్ళుగా నాలుక చివర కాచుకుని ఉన్న పేరు జారిపడింది.

“బిక్షమ్మ.”

సారు రాసేశాడు. తప్పని చెప్పాలి. తప్పంటే అసలు పేరు చెప్పాలి! పైగా, నిజం చెప్పొద్దూ, ఆమెకు చెప్పబుద్ధి కాలేదు. కొడుకేమంటాడో, పైనున్న అత్తేమంటుందో అనుకుంటూనే పిల్లను లోపల కూర్చోబెట్టి, బయటికొచ్చి బడి గోడ పక్కన కూలబడింది.

లోపల సారు ఒక్కొక్కరినీ పిలుస్తుంటే పిల్లలు ‘హాజర్ సార్’ అంటున్నారు.

“బిక్షమ్మ!”

ఎవరూ పలకలేదు. అది తన పేరని మనవరాలికేం తెలుసు?

“బిక్షమ్మ! ఉన్నదా, లేదా?”

అయిదేళ్ళప్పుడు విన్న పేరు. మళ్ళీ ఇన్నాళ్ళకు మరొకరి నోట వింటోంది. హనుమమ్మ లేచి, కిటికీ ఊచలు పట్టుకుంది. కళ్ళ నీళ్ళకు లోపల ఎవరూ ఆనడం లేదు.

“ఉన్నది సారూ,” అంది. “ఉన్నది. గీడనే ఉన్నది.”