సగం లోడులో వణుకు

ఆమె బండి వెనకాల ఆకాశం ప్రయాణం చేసేది. పికప్ మీద నిలబెట్టిన చెక్క చట్రానికి రెండు వైపులా అద్దాలు ఆనించి కట్టేవాళ్లు. వాటిలో మబ్బులు, మేడల అంచులు, తీగల మీద ఆరేసిన దుప్పట్లు ఒకదాని వెంట ఒకటి వెనక్కి నడిచి పోయేవి. రోడ్డు దాటే మనుషులు అందులో తమ ముఖం చూసుకుని జుట్టు సర్దుకునేవాళ్లు. వాళ్ల కోసం ఆమె బండి కాస్త నెమ్మది చేసేది. కిటికీ అద్దాలు మోయడం మొదలుపెట్టి పద్దెనిమిదేళ్లు. డిపోలో అందరికీ ఆమె అద్దాలక్క.

అలాంటి మనిషి చేతులు వణుకుతున్నాయన్నాడు యజమాని.

రెండు వారాల్లో ఐదు అద్దాలు పగిలాయి. అన్నీ మధ్యాహ్నం పూటే. పొద్దున నిండు లోడుతో బయల్దేరినప్పుడు బండి పెళ్లినడక నడిచేది. సగం అద్దాలు దించాక, ఆగి మళ్లీ కదిలిన చోటల్లా వెనక భాగం గడగడలాడేది. అద్దాలన్నీ జుమ్మని ఒక్క గొంతుతో పాడేవి. వినడానికి ఎంత హాయిగా ఉండేదంటే, ఆమెకి కళ్లు మూతలు పడేవి. ఆ పాట చివర ఒకటి టప్పున చీలేది.

యజమాని తీర్పు చెప్పేశాడు. "పొద్దున బాగానే ఉంటావు. మధ్యాహ్నానికి అలసిపోతావు, చెయ్యీ కాలూ నీ మాట వినవు. యాభై ఆరొచ్చాయి కదమ్మా. సోమవారం తాళం కొత్తవాడికిచ్చెయ్యి. లోపల కూర్చుని అద్దాలు తుడుచుకో."

పనిచేసేవాళ్ల ఒంటి మీద నేరం మోపడం యజమానులకి వెన్నతో పెట్టిన విద్య. ఇనుముని అడగాలంటే కింద దూరి మసి పూసుకోవాలి. మనిషిని అనడానికి నోరుంటే చాలు.

అంతకన్నా పాపం ఏమిటంటే, ఆమె నమ్మేసింది. ఇంట్లో టీ గ్లాసు పట్టుకుని అందులో అలలు లెక్కపెట్టేది. కునుకు పడితే ఒకటే కల. తన చేతులు మణికట్టు దాకా అద్దానివి, వాటి గుండా రోడ్డు కనిపిస్తోంది. ఆ చేతులతో స్టీరింగు పట్టుకోవాలంటే భయం.

ఆదివారం పొద్దున బండి తీసుకుని మరిది షెడ్డుకి వెళ్లింది. ఆమె భర్త తమ్ముడు మెకానిక్కు. శనివారం దించకుండా మిగిలిన సగం అద్దాలు చట్రంలోనే ఉన్నాయి.

"రా వదినా. బండి తెచ్చావా, బెంగ తెచ్చావా?"

"రెండూ. ముందు బండి చూడు."

"ఏం చేస్తోంది?"

"వణుకుతోంది."

"అలా ఊరికే అంటే ఎలా? వణుకా, అదురా, కుదుపా?"

"ఏదైతే ఏంటి? నిఘంటువు రాస్తున్నావా?"

"నా పనే అది. కుదుపంటే ఒక్క దెబ్బ. జాయింటు అరిగిందన్నమాట. అదురంటే స్పీడు మీద ఆగకుండా వచ్చేది. చక్రమో షాఫ్టో తూకం తప్పింది. వణుకంటే కదిలేటప్పుడు పట్టుకుని, కదిలాక వదిలేసేది."

"అయితే వణుకే. అందరూ అదే అన్నారు."

"అందరూ నిన్ను అన్నారు. బండినెవడూ అడగలేదు."

అతను కిందికి దూరాడు. ఇంజను నుంచి వెనక ఇరుసుకొచ్చే షాఫ్టు పట్టుకుని ఊపాడు, జాయింట్లలో ఖాళీ లేదు. ఇరుసు మధ్య ఉన్న గుండ్రటి డబ్బా బిరడా విప్పి ఆయిలు వేళ్ల మధ్య రాసి చూశాడు, అరిగిన ఇనుము రజను మెరవలేదు. బ్రేకులు పట్టెయ్యడం లేదు. క్లచ్చు బాగుంది. ఒక్కోటీ బాగుందన్నప్పుడల్లా ఆమె గుండె ఒక్కో మెట్టు దిగింది. బండి బాగుంటే చెడింది తనే.

అతను చేతులు తుడుచుకుంటూ లేచాడు. "నేను నడుపుతా. నువ్వు వెనక పడుకుని బండి నేలకి చెవి పెట్టు."

"నేనేమన్నా సామానునా?"

"సామానైతే ఇంత మాట్లాడదు. ఎక్కు."

మడిచిన గోనె మీద తల పెట్టి పడుకుంది. పద్దెనిమిదేళ్లలో అక్కడినుంచి ఎప్పుడూ చూడలేదు. అటొక ఆకాశం, ఇటొక ఆకాశం, నడిమధ్య అసలుది. ఒకే పిట్ట మూడుసార్లు ఎగిరింది. రోడ్డు ఎటుపోతోందో తెలియలేదు, ఇళ్ల చివరలు నీళ్లలో తేలుతున్నట్టు వచ్చి కరిగిపోయాయి. తను మోసింది అద్దాల్ని కాదు, ఈ నిశ్శబ్దాన్ని అనిపించింది. ఎవరూ అడగకుండా ఇంటింటికీ ఇంతింత ఆకాశం దించి వచ్చింది.

బండి ఆగింది. మళ్లీ కదిలింది.

వణుకు కింద పుట్టింది. ఇనుములోంచి పక్కటెముకల్లోకి, అక్కడినుంచి పళ్లలోకి ఎక్కింది. అద్దాలు జుమ్మన్నాయి. ఆమె రెండు చేతులూ పొట్ట మీద పనీపాటా లేకుండా పడి ఉన్నాయి.

అది అర్థమవడానికి కొంచెంసేపు పట్టింది. తర్వాత పడుకునే నవ్వింది.

"వదినా, బతికే ఉన్నావా?"

"ఇంకోసారి ఆపి కదిలించు."

అలా నాలుగుసార్లు చేయించింది. నాలుగోసారి చోటు కూడా చెప్పింది. "ఇరుసు దగ్గరే. చక్రాల వైపు కాదు, నడుమ. షాఫ్టు వచ్చి కలిసే చోట."

షెడ్డుకి తిరిగొచ్చాక అతను వెనక బరువు మోసే కమాను కట్టల ముందు గొంతుక్కూర్చున్నాడు. పాత ఇనుప పట్టీల మధ్య ఒకటి మసి లేకుండా తళతళలాడుతోంది. "ఇదెప్పుడు వచ్చింది?"

"పోయిన నెల. ఇంకో ఇరవై అద్దాలు పట్టాలని యజమానే వేయించాడు."

"అదీ సంగతి. నిండు లోడుంటే కమాను అణిగి షాఫ్టు తిన్నగా ఉంటుంది. సగం దించగానే వెనక లేచిపోతోంది, షాఫ్టు జాయింటు దగ్గర మోకాల్లా వంగుతోంది. మోకాలు వంచి మూట లేపి చూడు, కాలు వణకదూ?" రసమట్టం పెట్టి వంపు చూపించాడు. ఒకవైపు మందం, ఒకవైపు పలుచన ఉన్న ఇనుప ముక్క వెతికి తెచ్చాడు. "దీన్ని కమానుకీ ఇరుసుకీ మధ్య పెడితే వంపు సర్దుకుంటుంది. గంట పని."

"ఆగు. ముట్టుకోకు."

"పిచ్చా నీకు?"

"బాగుచేసి తీసుకెళ్తే ఆయన మంచి బండిని చూస్తాడు. వణుకు మాత్రం నాకే మిగులుతుంది."

సోమవారం డిపో గుమ్మంలో యజమాని చెయ్యి చాపి నిలబడ్డాడు. పక్కన కొత్త డ్రైవరు, కండలు తిరిగిన ముప్పయ్యేళ్లవాడు. బండి మీద ఇంకా ఆ సగం లోడే ఉంది. మరిది ఇనుప ముక్క జేబులో వేసుకుని గోడకి ఆనుకున్నాడు.

ఆమె తాళం కొత్తవాడి చేతిలోనే పెట్టింది. "ఇచ్చేశాను. వీధి చివరిదాకా వెళ్లి రండి. సార్, మీరు వెనక కూర్చోండి, అద్దాల దగ్గర."

"నేనెందుకు?"

"మీ అద్దాలు సార్."

చూస్తున్న పనివాళ్ల ముందు కాదనలేక ఎక్కాడు. బండి గేటు దగ్గర ఆగి, కదిలింది. అద్దాలు పాట అందుకున్నాయి. వీధి మధ్యలో ఆగి, మళ్లీ కదిలింది. యజమాని రెండు చేతులతో చట్రం పట్టుకున్నాడు. మలుపులో ఆగి కదలగానే ఒక అద్దం టప్పుమంది.

తిరిగొచ్చాక కొత్తవాడు ముందు దిగాడు. "నేనేం చేయలేదు సార్."

"నేనూ ఏం చేయలేదు నాయనా" అంది అద్దాలక్క.

యజమాని దిగడానికి కాస్త సమయం పట్టింది. అతను అడగకముందే మరిది గోడ వదిలి ముందుకొచ్చాడు. ముక్క చూపించాడు, కమాను చూపించాడు, గంటలో అయిపోతుందన్నాడు.

"అయితే పెట్టెయ్" అన్నాడు యజమాని.

"ముక్క వద్దు. కొత్త పట్టీ తియ్యి" అందామె మరిదితో.

"మరి ఆ ఇరవై అద్దాలు?"

"ఇంకో బండి పెట్టండి. మనిషి ఇక్కడే ఉన్నాడు కదా, వణకని చేతులతో."

పనివాళ్లలో ఎవరో నవ్వు ఆపుకోలేకపోయారు. యజమాని పగిలిన అద్దం వైపు చూశాడు, కమాను వైపు చూశాడు, ఎవరి కళ్లలోకీ చూడలేదు. "తియ్యి" అనేసి లోపలికి వెళ్లాడు.

కొత్తవాడు తాళం ఆమె ముందుకి చాపాడు. "తీసుకో అక్కా. ఆ రెండో బండి సంగతి మాత్రం ఆయనకి మళ్లీ గుర్తుచెయ్యి."