ఎర్రసిరాతో దిద్దిన ప్రశంస

మేపుల్ వృక్షముల యాకులు కుంకుమవర్ణము దాల్చి సరోవరతీరమున రాశులుగా రాలుచుండ ఉత్తరమునుండి వీచు శీతలపవనము గడ్డిమైదానముల నెల్ల కెరటములవలె కదలించుచుండ సూర్యుడు తన వెచ్చదనమును కొంచెముకొంచెముగా వెనుకకు దీసికొనుచున్న యొక శరత్కాలపు టపరాహ్ణమున, అమెరికాదేశపు మధ్యభాగమందలి యొక విశ్వవిద్యాలయమున వృక్షశాస్త్రాచార్యుడైన హాల్వర్సన్ తన ప్రయోగక్షేత్రము చెంత కుర్చీయందు గూర్చుండి యుండగనే కన్నుమూసెను. ఆ సమయమున నాయన శిష్యురాలును సహపరిశోధకురాలును నైన నీలవేణి చేని యావలియంచున విత్తనములు సేకరించుచు, "ఈ యేడు గింజ బాగా గట్టిపడిందండీ" యని కేకవేసి చెప్పెను. ప్రత్యుత్తరము రాలేదు. ఆయన మితభాషి గనుక నామె దానిని వింతగా దలపలేదు.

నీలవేణి విజయనగరమున జన్మించినది. భూమిలో బడియు మొలకెత్తక యేండ్లతరబడి నిద్రించు విత్తనముల నేది మేలుకొలుపునో కనుగొనుట యామె పని. ఆ దేశమున నుండుటకు నామెకు గల యనుమతి తాత్కాలికము. రాబోవు వేసవితో ముగియును. ఆమె నాటిన విత్తనములలో కొన్ని మేల్కాంచుటకు మరి నాలుగైదేండ్లు పట్టును. ఈలోపున నామె వెడలిపోయినచో వానికొరకు వేచియుండు వారుండరు. కావున విశ్వవిద్యాలయమే యుద్యోగదాతగా నిలిచి యామెకు శాశ్వతనివాసము నొసంగుమని ప్రభుత్వమునకు విన్నవింప నిశ్చయించెను.

అట్టి విన్నపమునకు ఆమె యసామాన్యురాలని చెప్పు పండితుల లేఖలు కావలయును. హాల్వర్సన్ తానే వ్రాసెదనని మాట యిచ్చి యుండెను. ఆయన గతించుటచే దూరరాష్ట్రమందలి యొక యాచార్యురాలు ఆ భారము వహింప నంగీకరించెను. అయితే లేఖకు మొదటి చిత్తుప్రతిని ప్రశంసింపబడు వారే వ్రాసి పంపుటయు, సంతకము సేయు వారు దానిని జదివి తమ మాటలు జేర్చి తమదిగా జేసికొనుటయు నచ్చటి వాడుక. తన్ను దాను బొగడుకొనుట బిగ్గరగా త్రేన్చుటకంటె మోటుపని యని బాల్యముననే నేర్చిన నీలవేణి కిది ప్రాణసంకటమైనది.

వారము దినములు శ్రమపడి యామె వ్రాసిన ప్రతిని విశ్వవిద్యాలయము నియమించిన న్యాయవాదిని యగు డొనెలీ సాంతము జదివి కండ్లజోడు దీసి బల్లపై బెట్టెను.

"డాక్టర్, ఇందులో ప్రతి పనీ హాల్వర్సన్ గారే చేశారు. మీరు పక్కన నిలబడి చూశారు. నేను శాశ్వతనివాసం అడగాల్సింది ఆయన కోసమైతే, అది ఆయనకు నా సాయం లేకుండానే దొరికింది."

నీలవేణి నవ్వెను. ఆయన పోయిన పిమ్మట నామె నవ్వుట యదియే మొదటిసారి.

గణితశాఖయందు బోధకుడైన కొమురయ్య సిద్దిపేట వాడు. ఈ తంతు నంతయు ముందటి యేటనే దాటినవాడు. అతడు నీలవేణిని సొంత యక్కవలె జూచును. నాటి సాయంకాలము చాయ త్రాగుచు నా ప్రతిని జదివి పెదవి విరిచెను.

"ఇదేం లెటరక్కా? పెండ్లిపిల్ల గురించి చెప్పుమంటే అయ్యగారి గొప్ప చెప్పినట్టున్నది."

"అయితే నన్ను నేనే పొగుడుకోవాలా ఏటి? సిగ్గు కాదూ?"

"సరే, నువ్వు రాయకు. నేను రాస్త. నువ్వు తప్పులు దిద్దు. అదన్న వస్తదా?"

"అదొస్తాది. తప్పు కనబడితే నేనూరుకోలేను."

"గంతే చాలు."

మరునాడు కొమురయ్య తెచ్చిన ప్రతి యందు నీలవేణి "నిఖిలబీజనిద్రాభంజని" గను "వృక్షలోకవైద్యశిఖామణి" గను వర్ణింపబడి యుండెను. ఆమె చెవులు కందిపోయెను. ఎర్రసిరా కలము దీసి విశేషణముల నన్నిటిని వరుసగా గొట్టివేసెను. పిదప నొక వాక్యమువద్ద నాగెను.

"పొగ పట్టిన నీళ్లతో నీలిపువ్వు గింజల్ని లేపింది హాల్వర్సన్ గారని రాశావేటి? ఆ చలికాలమంతా ఆయన మోకాలి ఆపరేషనై ఆసుపత్రిలో ఉన్నారు కదా!"

"మరి ఎవరు లేపిన్రు?"

"నేనే."

"గట్లనే రాయి."

ఆమె వ్రాసెను. మరికొంత జదివి, "ఈ పద్ధతి వేరే వాళ్లదంటావేటి? వాళ్లకి నేనే నేర్పాను, నెల్లాళ్లు వాళ్లూరెళ్లి!" యని దిద్దెను. కాగిత మంతయు నెర్రబారెను. ఒక్కొక్క పంక్తినుండి హాల్వర్సన్ పేరు దీసివేయునపుడు మాత్ర మామె చేయి క్షణకాల మాగుచుండెను. తన తొలి ప్రతియందు వాక్యవాక్యమునను ఆయనను దాను గూర్చుండబెట్టినది వినయముచేత మాత్రమే కాదనియు, ఆ కుర్చీ ఖాళీయైనదని యొప్పుకొనలేకయే యనియు నామె కప్పుడు తెలిసెను. ఆయన నిజముగా జేసిన పనులున్న మూడు వాక్యములను మాత్రము చెక్కుచెదరనీయక యుంచెను.

దిద్దుట ముగిసిన పిదప కొమురయ్య యెర్రసిరాలో నున్నదానినే బిగ్గరగా జదివెను. అందు పొగడ్త లేదు. జరిగినది మాత్రమే యున్నది. విన్నకొలది నీలవేణి ముఖమున నాశ్చర్యమును పిమ్మట ననుమానమును దోచెను.

"కావాలనే తప్పులు రాశావు కదూ?"

"లెక్కల పంతుల్ని. తప్పు రాసుడు నాకెంత కష్టమైందో నీకేమెర్క!"

ఆచార్యురాలు దానిని జదివి తాను కండ్లార జూచిన ప్రయోగము నొకదానిని జేర్చి సంతకము సేసెను. డొనెలీ దానిని తక్కిన పత్రములతో గూర్చి విశ్వవిద్యాలయము పేర నర్జీ దాఖలు సేసెను. మంచు కరగి మైదానము పచ్చబడి ప్రయోగక్షేత్రమున నీలిపువ్వుల తొలి మొలకలు తలలెత్తుచున్న వసంతాంతమున శాశ్వతనివాసము మంజూరైనట్లు వర్తమానము వచ్చెను.

ఆనాడు ప్రయోగశాలలో నీలవేణి పులిహోర వండితెచ్చి యందరకు వడ్డించెను. డొనెలీ యెండుమిరపకాయను వేరుసెనగపలుకులతో గలిపి నమిలి కన్నులు దుడుచుకొనుచు, "ఇవి ఆనందబాష్పాలు, నమ్మండి" యనగా నందరును ఘొల్లున నవ్విరి. కొమురయ్య మూడవమారు వడ్డించుకొని యామె చెంతకు వచ్చెను.

"అక్కా, పెద్దసారు గురించి పత్రికోళ్లు నిన్ను సంస్మరణ రాయమన్నరు కద, అయిందా? కాకుంటే చెప్పు, తప్పులతోని నేనొకటి రాస్త."

"వద్దు తమ్ముడూ. అది నేనే రాయాలి."

సత్యమును జెప్పుటకు సిగ్గుపడ నక్కరలేదని యామె నేర్చుకొనెను. కిటికీకి వెలుపల చేని గట్టున హాల్వర్సన్ కుర్చీ యుండెను. దాని నెవ్వరును లోపలికి దీసికొని రాలేదు. ఆమెకు నివాసము స్థిరపడెను, విత్తనములకు గడువు దొరికెను. గురువును గూర్చిన యా వ్యాసమున మాత్రము మొదటి వాక్య మింకను వ్రాయబడలేదు.