బోర్లించకూడని బల్ల

నేను ఒక భోజనాల బల్లని. నాలుగు పలకలు, నాలుగు కాళ్ళు, అందులో ఒక కాలు కుంటిది. విశాఖ నుంచి భీమిలి వెళ్ళే సముద్రపు దారిలో, రోడ్డు పెద్ద వంపు తిరిగే చోట, తాటాకుల పందిరి కింద ముప్పై రెండేళ్ళు నిలబడ్డాను. ఆ పందిరిని అందరూ పైడమ్మ హోటలు అనేవారు. బోర్డు ఎప్పుడూ లేదు. వంపు దగ్గరికి వచ్చేసరికి చేపల పులుసు వాసన బస్సు కిటికీల్లోంచి లోపలికి దూరేది. ఆ వాసన తగిలాక డ్రైవరు కాలు దానంతట అదే బ్రేకు మీద పడేది.

మనుషులు సముద్రం చూడడానికి వచ్చామనే చెబుతారు. విస్తరిలో అన్నం పడ్డాక సముద్రం వైపు తలెత్తిన వాణ్ణి మాత్రం నేను చూడలేదు. కొత్తగా పెళ్ళయిన వాళ్ళు మొదటి ముద్ద ఒకరికొకరు పెట్టుకునేవారు, రెండో ముద్ద నుంచి పెద్ద ముక్క ఎవరికి పడిందో ఓరకంట చూసుకునేవారు. మాంసం ముట్టని ఇంటి పెద్దమనిషి ఒకాయన ప్రతి నెలా వచ్చి, రోడ్డుకి వీపు పెట్టి కూర్చుని, చందువా వేపుడు ముల్లుతో సహా నమిలి, వక్కపొడి వేసుకుని వెళ్ళేవాడు. అందరి రహస్యాలూ నా దగ్గర భద్రంగా ఉండేవి. దాచడం గొప్పతనమేమీ కాదు, నాకు నోరు లేదు. నోరుంటే ఒక్కటే ఒక్క సంగతి చెప్పేవాణ్ణి, అదీ పైడితల్లికి.

ఆ పందిరి యజమానురాలు, వంటమనిషి, వడ్డించే మనిషి అన్నీ పైడితల్లే, దారిన పోయేవాళ్ళకి పైడమ్మ. ఆమె సముద్రం పిల్ల కాదు. విజయనగరం వైపు చెరువుల్లో చేపలు పట్టే వాళ్ళ ఇంట్లో పుట్టింది. అక్కడ పడవ తిరగబడితే నీళ్ళు మోకాలి దాకా వస్తాయి, గట్టు మీద వాళ్ళు నవ్వుతారు, అంతే. పద్దెనిమిదో ఏట ఎల్లాజీ అనే జాలరి చెయ్యి పట్టుకుని ఈ సముద్రపు పాలెం వచ్చింది. ఎల్లాజీ ఆమె మీద ప్రాణం పెట్టుకున్నాడు. తన చిన్న నావ మీద నీలం రంగు వేసి, తెల్లటి అక్షరాలతో పెళ్ళాం పేరు రాయించాడు. నావని ఆడది ముట్టకూడదని ఆ పాలెం కట్టుబాటు. పైడితల్లి దూరం నుంచే చూసి మురిసిపోయేది. చదువు లేదు కనుక ఆ తెల్లటి గీతల్లో తన పేరు ఏ మూల మొదలవుతుందో ఆమెకి తెలియదు.

ఆమె చేతి పులుసు రుచి పాలెం దాటి రోడ్డెక్కింది. రోడ్డు పక్కన ఇసుకలో చాపలు పరిచి భోజనాలు పెట్టడం మొదలుపెట్టింది. ఒకరోజు ప్యాంటు వేసుకున్న ఆఫీసరు కింద కూర్చోలేక, విస్తరి చేత్తో పట్టుకుని నిలబడి తిన్నాడు. పులుసు మోచేతి దాకా కారింది. ఆ సాయంత్రం ఆమె మొగుడితో అంది.

"ఒక బల్ల ఉంటే ఎంత బాగుణ్ణో! ఆ బాబు అన్నం తింటన్నాడో, తానం సేస్తన్నాడో తెలీనేదు."

ఎల్లాజీ నవ్వాడు. వారం తిరక్కుండా నేను వచ్చాను.

"టవున్లో కొన్నానే. సిసలైన టేకు," అన్నాడు. టేకు అన్న మాట నిజం, టవును అన్న మాట అబద్ధం. నేను ఏ దుకాణంలోంచీ రాలేదు. అతని నావ పక్కలోంచి వచ్చాను.

మరమ్మతు కోసం నావని ఇసుక మీదకి లాగి పెట్టిన రోజులవి. ముసలయ్యని నావలు కట్టే వడ్రంగి ఉండేవాడు. పేరే ముసలయ్య, అప్పటికి నలభై దాటలేదు. ఎల్లాజీ అతన్ని బతిమాలి నావలో మంచి పలకలు నాలుగు ఊడదీయించాడు, వాటి చోట మామిడి చెక్క వేయించాడు.

"మామిడి సెక్క ఉప్పునీటికి ఆగదురా," అన్నాడు ముసలయ్య.

"దసరా ఎల్లాక మార్సీద్దాం మావా. అందాకా ఒడ్డుకి ఆనించే తిరుగుతాను. దానికి మాత్రం సెప్పకు."

ముసలయ్య నాకు కాళ్ళు బిగించాడు. మేకుల బెజ్జాలు చెక్కముక్కలతో పూడ్చాడు. పై ముఖం చిత్రిక పట్టి నున్నగా చేశాడు. అడుగు ముఖాన్ని అలాగే వదిలేశాడు. బల్ల అడుగు ఎవరు చూస్తారు? అక్కడ నీలం రంగు ఉండిపోయింది. నీలం రంగు మీద తెల్లగా రెండక్షరాలు కూడా, "పైడి" అని. మిగతా పేరు నావతోనే ఉంది. మామిడి చెక్క మీద కొత్తగా రంగు పూసి, పోయిన రెండక్షరాలూ మళ్ళీ రాశారు. చూడ్డానికి నావ ఎప్పటిలాగే ఉంది.

ఇక్కడ పాలెంలోని ఇంకో కట్టుబాటు చెప్పాలి. ఇంటి మనిషి నీళ్ళ మీద ఉండగా ఇంట్లో ఏదీ బోర్లించకూడదు. కుండ, చెంబు, చేట, పీట, ఏదైనా సరే. ఇక్కడ గిన్నె బోర్లిస్తే అక్కడ నావ బోల్తా పడుతుందంటారు. అందుకే తోమిన గిన్నెల్ని గోడకి ఆనించి ఆరబెడతారు. అత్త బంగారమ్మ కొత్తకోడలికి మొదటిరోజే వస్తువుల పేర్లన్నీ ఒక్కొక్కటే చెప్పి, వేలు చూపించి మరీ నేర్పింది. పైడితల్లి ఒక్కనాడూ తప్పలేదు. కాకపోతే ఆ పాలెంలో అప్పటిదాకా ఎవరింట్లోనూ బల్ల లేదు. కాబట్టి అత్త చెప్పిన పేర్లలో బల్ల లేదు.

నేను వచ్చిన ఇరవయ్యో రోజు. ఎల్లాజీ పొద్దున్నే నావ తీశాడు. జతగాడికి జ్వరం, ఒక్కడే వెళ్ళాడు. సముద్రం పెద్దగా కోపంగా కూడా లేదు. నా కాలొకటి అప్పటికే కదులుతోంది. మధ్యాహ్నం జనం వచ్చేలోగా కాస్త బిగిద్దామని పైడితల్లి నన్ను ఎత్తి, నడుం మీద ఆన్చుకుని, ఇసుకలో బోర్లించింది. నా అడుగున నీలం రంగు చూసి, "ఓలమ్మ, కిందా రంగేసినారు!" అని చేత్తో నిమిరింది. నిమిరింది సరిగ్గా తన పేరునే.

మేకు మీద రెండు దెబ్బలు పడ్డాయో లేదో, ఒడ్డు వైపు నుంచి కేకలు. దూరంగా ఉన్న నావల వాళ్ళు చూశారట, ఎల్లాజీ నావ పక్కకి ఒరిగి, తిరగబడి, వాళ్ళు తెడ్లు వేసి చేరేలోగా మునిగిపోయిందని. బంగారమ్మ గుండెలు బాదుకుంటూ పందిరిలోకి పరిగెత్తుకొచ్చింది. కాళ్ళు ఆకాశానికి చాచుకుని ఉన్న నన్ను చూసింది.

"బోర్లించీసినావా! ఓసి సెరువుదానా, నా కొడుకుని ముంచీసినావే!"

పాలెమంతా చుట్టూ మూగింది. అందరూ నా కాళ్ళనే చూశారు. నా అడుగుని ఎవరూ చూడలేదు. పైడితల్లి సుత్తి ఇసుకలో పడేసింది. తర్వాత ఆమే నన్ను తిప్పి నిలబెట్టింది. రెండు దెబ్బలు తిన్న కాలు అలాగే సగంలో ఉండిపోయింది.

మనిషి దొరకలేదు. మూడోనాడు ఇసుకలోకి ఒక మామిడి పలక కొట్టుకొచ్చింది. దాన్ని మొదట చూసినవాడు ముసలయ్య. చుట్టూ చూశాడు, గొడ్డలి తెచ్చాడు, నాలుగు ముక్కలు చేశాడు. "వంటసెరుకు తెచ్చాను," అని పైడితల్లి పొయ్యి దగ్గర పడేశాడు. ఎల్లాజీ పేరున పెట్టిన పెద్దదినం అన్నం ఆ చెక్కతోనే ఉడికింది. నేను చూస్తూనే ఉన్నాను. నా చోట పెట్టిన చెక్క అది, నా పని చేయలేక చచ్చింది. నాకు ఆ పొగ తగలకుండా ఉంటే బాగుండుననిపించింది.

పుట్టింటికి పొమ్మని ఎవరూ అనలేదు, ఉండమనీ అనలేదు. పైడితల్లే పోలేదు. పందిరి నడిపింది, అత్తకి అన్నం పెట్టింది. బంగారమ్మ బతికినన్నాళ్ళూ కోడలి చేతి కూడే తింది, రోజూ ఒకే మాట అంటూ తింది. "ఇంకో దిక్కు లేక తింటన్నానే." ఆ మాట న్యాయమేనని పైడితల్లి నమ్మింది. అన్నిటికన్నా నాకు కష్టంగా ఉండేది ఆ నమ్మకమే.

హోటలు పెరిగింది. ప్లాస్టిక్ కుర్చీలు వచ్చాయి, ఇంకో అయిదు బల్లలు వచ్చాయి. సముద్రం పక్క చోటు మాత్రం నాదే. నా కుంటి కాలి కింద కొబ్బరి డొక్క ముక్క పెట్టేది. అయినా ఎవరైనా మోచెయ్యి ఆనిస్తే చాలు, నేను ఊగేవాణ్ణి, పులుసు తొణికేది. చేతిపని తెలిసిన వాళ్ళు ఊరుకోరు కదా.

"తిరగేస్తే అయిదు నిమిషాల పనమ్మా," అనేవారు.

"ఊగనీ బాబూ. నీ గిన్నె నేను పట్టుకుంటాను, నువ్ తిను," అనేది. నిజంగానే పట్టుకుని నిలబడేది. ఇది చూసి మనుషులు ముచ్చటపడి, ఎంత ఆప్యాయమో అని చెప్పుకునేవారు. ఆప్యాయం లేదని కాదు, భయమే ఎక్కువ. ఆ పందిరిలో ముప్పై రెండేళ్ళలో మరే వస్తువూ బోర్లాపడలేదు, మంచినీళ్ళ గ్లాసుతో సహా. నీళ్ళ మీద ఆమె మనిషంటూ ఇంకెవరూ లేకపోయినా.

ఒక వేసవిలో పెద్దవాళ్ళకి అక్షరాలు నేర్పే పంతులమ్మ పాలెం వచ్చింది. మధ్యాహ్నం గిన్నెలు సర్దాక పైడితల్లి నా ముందు కూర్చునేది. పలక లేదు, నా మీదే సుద్దతో రాసేది. మొదట నేర్చింది తన పేరే. "పై" రాసింది, తుడిచింది. "డి" రాసింది, వంకర పోయిందని నవ్వుకుంది. పైన ఆమె చేత్తో రాసిన రెండక్షరాలు, అడుగున మొగుడు రాయించిన అవే రెండక్షరాలు. మధ్య వేలెడు మందం చెక్క. ఆ వేలెడు మందమూ నేనే. ఆ రోజు పగిలిపోతే బాగుండుననుకున్నాను. టేకు అంత తేలిగ్గా పగలదు.

ఇక ముసలయ్య. అతను రోజూ మధ్యాహ్నం వచ్చి నా దగ్గరే కూర్చునేవాడు. పైడితల్లి అతనికి వడ్డించని రోజు లేదు. కష్టకాలంలో వంటచెరుకు తెచ్చి ఇచ్చినవాడని ఆమెకి గౌరవం. తింటూ ఎడం చెయ్యి నా అంచు కిందికి పోనిచ్చి, తాను పూడ్చిన బెజ్జాల్ని వేళ్ళతో తడిమేవాడు. అలా ఇరవై ఏడేళ్ళు తడిమాడు. చివరికి కళ్ళకి పొర కమ్మి, చెయ్యి పట్టి నడిపిస్తే గాని రాలేని స్థితిలో ఒకనాడు కంచం ముందు పెట్టుకుని తినకుండా కూర్చున్నాడు.

"పైడీ, ఆనాడు... నీ తప్పేటీ లేదే."

నా నాలుగు కాళ్ళూ, కుంటిదానితో సహా, బిగుసుకున్నాయి.

"నన్ను ఊరుకోబెట్టడానికి అందరూ అదే అంటారు మావా," అంది పైడితల్లి. "తిను. సేప సల్లారిపోతాది." అంటూ ఇంకో వంజరం ముక్క వేసింది.

ముసలయ్య నోరు తెరిచాడు. ఇంకొక్క మాట చాలు. మామిడి చెక్క అంటే చాలు. ఆమె ముఖం కనబడని ఆ కళ్ళతో ఆమె వైపు చూశాడు, ఆమె చేతి అన్నం ఇరవై ఏడేళ్ళు తిన్న నోటితో ఆ మాట ఎలా అనడమా అని చూశాడు. ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నాడు. వానలు రాకముందే పోయాడు. ఆ మాట అతనితోనే పోయింది. నాకు అతని మీద కోపం రావాలి. వచ్చింది, ఇప్పటికీ ఉంది.

తర్వాత రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు వచ్చారు. తాటాకు పందిరి నడిమధ్య తెల్లగీత గీశారు. మిగిలిన సగం సముద్రమే కోసుకుపోతోంది. మళ్ళీ పందిరి వేసుకోవడానికి ఇక చోటంటూ లేదు. పైడితల్లి చెరువు ఊరికి, తమ్ముడింటికి వెళ్ళిపోవడానికి నిశ్చయించుకుంది. పాత చెక్క సామాను మోజున్న రిసార్టు మేనేజరు ఒకాయన ఆమెని అడిగి నన్ను తీసుకున్నాడు. ఖాళీ చేసేరోజు ఉదయం వ్యాను వచ్చింది. కూలీలిద్దరు నన్ను ఎత్తి, కాళ్ళు పైకి వచ్చేలా తిప్పబోయారు. వ్యానులో బల్లలు అలాగే పట్టుకెళతారు.

సగం తిరిగాను. నా అడుగున ముప్పై రెండేళ్ళుగా ఎండ ఎరుగని నీలం రంగుకి వెలుతురు తగిలింది. పైడితల్లికి ఇప్పుడు చదువొచ్చు. అయిదడుగుల దూరంలో ఉంది. ఇంకో జానెడు తిప్పితే చాలు.

ఆమె కళ్ళు గట్టిగా మూసుకుని, పరిగెత్తుకొచ్చి నా మీద పడింది.

"బోర్లించొద్దు బాబూ! మీకు దణ్ణం పెడతాను, బోర్లించొద్దు!"

"ఏం కాదమ్మా, గీత కూడా పడనివ్వం," అన్నాడు కూలీ.

"గీతల కోసం కాదు నాయనా. ఒకపాలి బోర్లించినాను. మనిషి రానేదు. మరొద్దు."

వాళ్ళు ముఖాలు చూసుకున్నారు. పెద్దావిడ మాటెందుకు కాదనాలని నన్ను నిలబెట్టే వ్యాను ఎక్కించారు. కదిలే ముందు ఆమె నా మీద అరచెయ్యి పెట్టింది.

"నేను సేసిన దానికి నువ్వొక్కదానివే సాచ్చికం," అంది.

ఆమె చేయని దానికి సాక్షిని నేను.

ఇప్పుడు రిసార్టు తోటలో, కొబ్బరిచెట్ల నీడలో ఉన్నాను. నా మీద గాజుపలక పరిచారు. ఇక్కడి వాళ్ళకి ఊగే బల్ల నచ్చదు. అందుకని నాలుగు కాళ్ళూ నేలలోకి దించి సిమెంటు పోశారు. పుట్టి బుద్ధెరిగాక కదలకుండా నిలబడడం ఇదే మొదలు. అతిథులు ఫోర్కులతో చేప తింటారు, ముళ్ళుండవు, రుచీ ఉండదని వాళ్ళలో వాళ్ళే అనుకుంటారు.

మొన్న ఒక చిన్నపిల్ల చెంచా కింద పడేసి, తీసుకోడానికి నా కిందికి దూరింది. వెల్లకిలా పడుకుని పైకి చూసింది. అప్పుడప్పుడే అక్షరాలు నేర్చుకుంటోంది కాబోలు, వేలు పెట్టి కూడబలుక్కుంది.

"పై... డి... అమ్మా, ఇక్కడెవరి పేరో ఉంది!"

"ముందు బయటికి రా. గౌను మురికవుతుంది," అంది వాళ్ళమ్మ.

పిల్ల బయటికి వచ్చేసింది. అమ్మ దాని చేతులు తుడిచి, కుర్చీలో కూర్చోబెట్టి, అన్నం చల్లారిపోతుంది తినమంది.